నీళ్ళు లేని చోట నీళ్ళు చేసిన పని

పిల్లలూ, మన తెలుగులో "గండి" అని ఒక మంచి మాట ఉన్నది. చెరువు కట్ట తెగితే గండి పడిందంటాము. ఏరు కొండను కోసుకుని పోయిన చోటును కూడా గండి అనే అంటాము. కడప జిల్లాలో పెన్నానది ఎర్రమల కొండలను కోసుకుపోయిన చోట, గట్టు మీద కట్టిన కోటకు గండికోట అని పేరు వచ్చింది. నేను ఆ ప్రాంతంలో పనిచేసిన రోజులలో ఏటేటా ఎనిమిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోయేవాణ్ణి. అంచున నిలబడి కిందికి తొంగిచూచిన ప్రతి పిల్లవాడూ ఒకే ప్రశ్న వేసేవాడు: "ఇంత రాతిని నీళ్ళు కోశాయా, మేష్టారూ?" కోశాయని చెప్పేవాణ్ణి. వాళ్ళ ముఖాలు చూస్తే మాత్రం, మేష్టారు చెప్పారు గనక ఒప్పుకున్నట్టు ఉండేదే గాని, నమ్మినట్టు ఉండేది కాదు.

2022 అక్టోబరులో నేనూ, మా ఆవిడా అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉండగా, గండికోట కన్న ఎన్నో రెట్లు పెద్దదైన గండిని చూడటం తటస్థించింది. మా అబ్బాయి కాపురం అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్సు నగరంలో. అది ఎడారిలో కట్టిన ఊరు. ఏడాది మొత్తం మీద 20 సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. మన వైపు వానలు తక్కువని పేరుపడ్డ అనంతపురానికి కూడా అందుకు రెట్టింపు పైగా పడుతుంది. మనవడికీ, మనవరాలికీ బడికి వారం రోజులు సెలవులు ఇచ్చారు. మనవడికి పదమూడేళ్ళు, మనవరాలికి తొమ్మిది. మా అబ్బాయి ఒక ఆర్.వి. అద్దెకు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

ఆర్.వి. అంటే చక్రాల మీద ఇల్లు. బయటి నుంచి చూస్తే చిన్న బస్సు. మాది 25 అడుగుల పొడవు. లోపల ఆరుగురు పడుకునేందుకు పరుపులు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, బట్టల బీరువా అంత స్నానాల గది, అన్నీ ఉన్నాయి. మా ఆవిడ లోపలికి అడుగు పెట్టి, "దీపం ఎక్కడ పెట్టుకోవాలిరా?" అని అడిగింది. పొయ్యి పైన ఉన్న చిన్న అలమరలో వెంకటేశ్వరస్వామి పటం నిలబడింది గాని, బండి కదులుతుంటే దీపం కుదరదని తేలింది. బండి కదిలే ముందు ప్రతి తలుపుకూ, ప్రతి సొరుగుకూ గొళ్ళెం పెట్టాలని మా అబ్బాయి మరీ మరీ చెప్పాడు. అయినా మొదటి మలుపులోనే పోపుల డబ్బా దొర్లి పడింది. ఆ ఆవాలు వారం రోజుల పాటు ఎక్కడెక్కడి నుంచో దొరుకుతూనే ఉన్నాయి.

ఆ బండిలో నన్ను అన్నిటికన్న ఆకర్షించినవి దాని అడుగున ఉన్న మూడు తొట్లు. మొదటి దానిలో మంచినీళ్ళు, 150 లీటర్లు. రెండో దానిలోకి గిన్నెలు కడిగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు పోతాయి. మూడో దానిలోకి పాయిఖానా నీళ్ళు. ఏ తొట్టి ఎంత నిండిందో చూపే దీపాలు తలుపు పక్కన ఉంటాయి. వాడిన నీళ్ళను ఎక్కడబడితే అక్కడ నేల మీద వదిలిపెట్టటం నిషిద్ధం. వాటికని ఏర్పరచిన చోటికి బండిని తీసుకుపోయి, గొట్టం తగిలించి, మన చేతులతోనే ఖాళీ చెయ్యాలి. మన ఇళ్ళలో కొళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, కంతలోకి పోతాయి. ఎక్కడి నుంచి వచ్చినదీ, ఎక్కడికి పోయినదీ మనం ఆలోచించము. ఇక్కడ రెండు కొసలూ మన కాళ్ళ కిందనే ఉన్నాయి. మా అబ్బాయి చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ఆ పని చేస్తుంటే, అతని కూతురు ముక్కు మూసుకుని దూరంగా నిలబడి చూచేది. ప్రతి బడిలోనూ పిల్లలకు ఒకసారి ఈ పని చూపించాలని నాకు తోచింది.

ఆరుగురికి 150 లీటర్లు. రెండు రోజులు రావాలంటే మనిషికి రోజుకు ఎంత? చిన్నది లెక్క వేసి పన్నెండున్నర లీటర్లని చెప్పింది. మన ఇంట్లో ఒక బకెట్టు కన్న తక్కువ. అప్పటికప్పుడు దాన్ని నీళ్ళ మంత్రిణిని చేశాము. అది ఒక నోటుపుస్తకం తీసుకుని, ఎవరు ఎన్ని నీళ్ళు వాడారో రాయటం మొదలుపెట్టింది. దయాదాక్షిణ్యాలు లేని మంత్రిణి! వాళ్ళ నాన్న గడ్డం గీసుకుంటూ కొళాయి వదిలేసినందుకు ఎర్ర సిరాతో రాసింది.

ఫీనిక్సు నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు గట్టుకు సుమారు 370 కిలోమీటర్లు. దారి పొడుగునా ఎక్కుడే. ఎడారి ముళ్ళచెట్లు పోయి, గడ్డి వచ్చి, ఆ తరవాత దేవదారు జాతి చెట్ల అడవి వచ్చింది. కొండ ఏదీ కనిపించదు. అంతా బల్లపరుపు నేల. అడవిలో నడుస్తూ నడుస్తూ ఉంటే, ఉన్నట్టుండి కాళ్ళ ముందర నేల ఉండదు! పొడవు 446 కిలోమీటర్లు, వెడల్పు కొన్ని చోట్ల 29 కిలోమీటర్లు, లోతు ఒక మైలుకు పైన. అవతలి గట్టు నీలంగా మసక మసకగా కనిపిస్తుంది. మధ్యలో ఎరుపూ, గులాబీ, గోధుమ రంగుల రాతి మెట్లు, గోపురాలు. ఆ గోపురాలను చూచి డటన్ అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్తకు మన దేశపు దేవాలయాలు తలపుకు వచ్చాయి కాబోలు, 1880 ప్రాంతాల ఒక దానికి విష్ణు ఆలయమనీ, మరొక దానికి శివాలయమనీ పేరు పెట్టాడు. ఇప్పటికీ పటాలలో ఆ పేర్లే ఉన్నాయి. మా ఆవిడ అది విని అక్కడి నుంచే నమస్కారం పెట్టింది.

ఇంత పెద్ద గండిని కోసిన నది ఎక్కడ? గట్టు మీద చాలాచోట్ల నిలబడి చూస్తే అసలు కనిపించదు. కొన్ని చోట్ల సన్నని దారం ముక్కలా కనిపిస్తుంది. దాని పేరు కొలరాడో. మనవడు దుర్భిణీ పెట్టి చూచి, "ఇంతేనా!" అన్నాడు. గండికోటలో నా విద్యార్థులు పెట్టిన ముఖమే వాడూ పెట్టాడు.

అప్పుడు వాడి చేత ఒక లెక్క చేయించాను. మీరూ చెయ్యండి. ఈ గండి ఇప్పుడున్న రూపంలో ఏర్పడటానికి సుమారు 50, 60 లక్షల సంవత్సరాలు పట్టిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. లోతు 1,600 మీటర్లు అనుకుందాము. 1,600 మీటర్లను 50 లక్షలతో భాగించండి. ఏడాదికి ఎంత వచ్చింది? మిల్లీమీటరులో మూడో వంతు. మీ చేతి గోరు రోజుకు సుమారు మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతుంది. అంటే నది ఏడాదంతా కష్టపడి కోసినంత, మీ గోరు మూడు రోజులలో పెరుగుతుందన్నమాట! నిజానికి ప్రతి ఏడూ ఒకే తీరున కొయ్యదు. ఒక్క పెద్ద వరదలో కోసినది, వందేళ్ళ మామూలు ప్రవాహం కొయ్యకపోవచ్చు. నీళ్ళు ఒక్కటే రాతిని కొయ్యలేవు. వాటితో కొట్టుకువచ్చే ఇసుకా, గులకరాళ్ళూ ఆకురాయిలా అరగదీస్తాయి. అదీగాక అక్కడి భూమి కోట్ల సంవత్సరాల క్రిందట మెల్లగా పైకి లేచింది. అందుచేత నది వాలుగా, వడిగా పారింది. గోడలను వెడల్పు చేసినది మాత్రం వానా, మంచూ. రాతి సందులలో చేరిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి, తొమ్మిదింట ఒక వంతుకు కొంచెం తక్కువగా ఉబ్బి, రాతిని పగలదీస్తాయి. నిండా నీళ్ళు పోసిన సీసాకు గట్టిగా బిరడా బిగించి ఫ్రిజ్‌లో మంచు అరలో పెడితే ఏమవుతుందో మీకు తెలుసు గదా? తెలియకపోతే మీ అమ్మగారిని అడగండి, పెట్టి చూడవద్దు.

మరునాడు తెల్లవారుజామున దిగువకు నడక. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. అత్తకు తోడుగా కోడలు గట్టు మీద ఉండిపోయింది. నేనూ, మా అబ్బాయీ, పిల్లలిద్దరూ బయలుదేరాము. సౌత్ కైబాబ్ అనే దారి ఒకటి ఉన్నది. అది మొదలయ్యే చోటికి సొంత బండ్లను రానివ్వరు. ఉచిత బస్సులో పోవాలి. ఆ దారిలో ఎక్కడా చుక్క నీరు దొరకదు. తాగే నీళ్ళన్నీ మనమే మోసుకుపోవాలి. మనిషికి రెండు లీటర్ల చొప్పున ఎనిమిది లీటర్లు సంచులలో సర్దాము. ఎండలో నడిచేటప్పుడు ఉత్త నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమేనట. అందుకని ఉప్పగా ఉండేవి ఏమైనా తింటూ ఉండాలని అక్కడి అటవీ ఉద్యోగులు చెబుతారు. మా కోడలు డబ్బాడు చెక్కలు ఇచ్చింది. ఆ పనికి అంతకన్న మంచి సరుకు అమెరికా మొత్తం మీద ఉంటుందని నేను అనుకోను.

కొండ ఎక్కటానికీ, గండి దిగటానికీ ఒక పెద్ద తేడా ఉన్నది. కొండ ఎక్కేవాడు అలసిపోతే వెనక్కు తిరిగి దిగిపోతాడు. దిగటం తేలిక. గండిలో అంతా తలకిందులు. ముందు తేలిక, వెనక కష్టం. అలసట తెలిసేసరికి ఎక్కవలసినదంతా నెత్తి మీద ఉంటుంది. పైగా దిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. గట్టు మీద చలికి ఉన్ని కోటు వేసుకున్న రోజున, అడుగున నది పక్కన చొక్కా చాలు. ఎండాకాలంలో గట్టు మీద హాయిగా ఉన్నప్పుడు, అడుగున 40 డిగ్రీలు దాటుతుంది.

మేము సీడర్ రిడ్జ్ అనే చోటు దాకా పోయి రావాలని ముందే అనుకున్నాము. రెండున్నర కిలోమీటర్ల దారి, 340 మీటర్ల దిగుడు. దారి కొండ గోడ మీద పాములాగా మెలికలు తిరుగుతుంది. మధ్యలో కంచరగాడిదల వరస ఒకటి ఎదురువచ్చింది. అడుగున ఉన్న బసకు సామాను మోసేవి అవే. మేము గోడకు ఆనుకుని, కదలకుండా నిలబడి దారి ఇచ్చాము. చిన్నది వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది. అది నీళ్ళ పద్దు కాదు గదా అంటే, "అవి కూడా తాగుతాయి గదా" అన్నది.

దిగుతూ ఉంటే కాలంలో వెనక్కు పోతున్నట్టే. గట్టు మీది సున్నపురాయి 27 కోట్ల సంవత్సరాల నాటి సముద్రపు అడుగు. అందులో గవ్వల జాతి ప్రాణుల గుర్తులు ఉన్నాయి. దాని కింద తెల్లని ఇసుకరాయి. అది ఆనాటి ఎడారిలో గాలికి పేరిన ఇసుక తిన్నెలే గట్టిపడి రాయి అయినది. తిన్నెల ఏటవాలు గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. దాని కింద ఎర్రని బురద రాయి. మా బూట్లు ఎర్రబడ్డాయి. అట్లా దిగుతూ దిగుతూ నది పక్కకు చేరితే, అక్కడి నల్లని రాయి వయస్సు 170 కోట్ల సంవత్సరాలు. దానికీ విష్ణువు పేరే పెట్టారు. మన గండికోట రాయి కూడా 100 కోట్ల సంవత్సరాలకు పైబడినదే. అంటే నా విద్యార్థులు కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న రాయి, గ్రాండ్ కాన్యన్ గట్టు మీది రాయికి ఎన్నో తరాల ముత్తాత!

సీడర్ రిడ్జ్ చేరటానికి గంట పట్టింది. ఎర్రని చదును నేల, నాలుగు గిడసబారిన చెట్లు. అక్కడి నుంచి కూడా నది కనబడలేదు. ఇంకొక రెండున్నర కిలోమీటర్లు దిగితే స్కెలిటన్ పాయింటు అనే చోటు వస్తుంది. అక్కడి నుంచి నది కనిపిస్తుంది. ఆ సంగతి మనవడికి తెలుసు.

"తాతయ్యా, గంటలో వచ్చేశాము. ఇంకొక గంటే గదా!" అన్నాడు.

మా అబ్బాయి కూడా, "పోనీ నాన్నా, మళ్ళీ ఎప్పుడు వస్తారు మీరు? చూపించి తీసుకువద్దాము" అన్నాడు. కొడుకు మీద ప్రేమ, తండ్రి మీద ప్రేమ రెండూ కలిసి అతని చేత అట్లా అనిపించాయి.

నేను కాదనలేదు. సీసాలన్నీ బయటికి తీసి బండ మీద వరసగా పెట్టించాను. ఎనిమిది లీటర్లలో రెండున్నర ఖర్చు అయింది. ఉన్నది ఐదున్నర. దిగటానికి పట్టిన కాలానికి ఎక్కటానికి రెట్టింపు పడుతుందని దారి మొదట్లోనే పలక మీద రాసి ఉన్నది. "ఇక్కడి నుంచే తిరిగితే రెండు గంటలు. గంటకు రెండున్నర చొప్పున ఐదు లీటర్లు. అర లీటరు మిగులు. సరిగా ఉన్నదా? ఇప్పుడు నువ్వు చెప్పినట్టు ఇంకొక గంట దిగుదాము. ఎన్ని మిగిలాయి?" అన్నాను.

"మూడు."

"ఎక్కటానికి ఎన్ని గంటలు?"

వాడు జవాబు చెప్పలేదు. చెల్లెలు చెప్పింది: "నాలుగు గంటలు. పది లీటర్లు. ఉన్నవి మూడే."

వాడికి లెక్క తెలియక కాదు. నది చూడాలని ప్రయాణానికి నెల రోజుల ముందు నుంచీ కలలు కంటున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెల్లెలు చూడకుండా అటు తిరిగాడు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల మధ్య గడిపిన నాకు ఆ వీపు ఏమి చెబుతున్నదో తెలుసు. ఐనా తిరుగుముఖం పట్టాము. వాడు నాతో చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగలేదు.

సగం ఎక్కేసరికి ఎండ చురుక్కుమన్నది. ఒక మలుపులో గోడ నీడన ఒక యువకుడు చతికిలబడి ఉన్నాడు. కాలేజీ చదువుకునే వయస్సు. ముఖం పాలిపోయి ఉన్నది. రాత్రి చీకటితోనే దిగి, చిన్న సీసాడు నీళ్ళతో చాలా దూరం పోయి వచ్చాడట. సీసా ఎప్పుడో ఖాళీ అయింది. మా మనవడు ఎవరినీ అడగకుండా తన సీసా తీసి అతని చేతిలో పెట్టాడు. మా అబ్బాయి చెక్కల డబ్బా తీశాడు. అతను కొంచెం కొంచెంగా నీళ్ళు తాగి, మూడు చెక్కలు తిని, ఇవేమిటని అడిగాడు. పావుగంట కూర్చున్నాక అతని ముఖంలో రంగు వచ్చింది. మా వెనకనే మెల్లగా నడిచి గట్టు చేరాడు. గట్టు మీద మా నాలుగు సీసాలలోనూ కలిపి ఒక గుక్కెడు మిగిలింది. దాన్ని చిన్నది ఎవరికీ ఇవ్వలేదు, లెక్కకు కావాలని!

ఆ సాయంకాలం మా అబ్బాయి పటం ముందు వేసుకుని ఒక దారి కనిపెట్టాడు. వందల మైళ్ళ పొడుగునా ఈ నదికి రెండు పక్కలా నిట్రాతి గోడలే. బండి నీళ్ళ దాకా పోగల చోటు ఒకటి ఉన్నది. దాని పేరు లీస్ ఫెర్రీ. పూర్వం అక్కడ బల్లకట్టు ఉండేది. గండి మొదలయ్యేదే అక్కడ.

దారి నవహో అనే ఆదివాసుల భూమి గుండా పోతుంది. వారి ప్రాంతం అమెరికాలోని ఆదివాసి ప్రాంతాలన్నిటిలోకీ పెద్దది. అక్కడ ఒక తమాషా జరిగింది. అరిజోనా రాష్ట్రం వేసవికి గడియారాలను ముందుకు జరపదు, నవహోలు జరుపుతారు. అందుచేత హద్దు దాటగానే ఫోనులో గంట ముందుకు దూకింది. "ఇప్పుడేగా పది! పదకొండు ఎట్లా అయింది? అన్నం వండనే లేదు!" అని మా ఆవిడ కంగారుపడ్డది. అవతలి హద్దు దాటగానే పోయిన గంట తిరిగి వచ్చింది. నవ్వుకోవటానికి బాగానే ఉన్నది గాని, దారిలో చూచిన మరొక సంగతి నవ్వుకోదగినది కాదు. వెనక పెద్ద పెద్ద నీళ్ళ తొట్లు పెట్టుకున్న బండ్లు ఎన్నో ఎదురయ్యాయి. నవహో భూమిలో చాలా ఇళ్ళకు ఇప్పటికీ కొళాయి లేదు. మైళ్ళ దూరం పోయి నీళ్ళు తెచ్చుకుంటారు. మాది వారం రోజుల ఆట. వాళ్ళది ప్రతిరోజూ ఉండే పని.

లీస్ ఫెర్రీకి కొంచెం ఇవతల నవహో వంతెన ఉన్నది. నిజానికి పక్కపక్కన రెండు వంతెనలు. 1929 నాటి పాతది మనుషులు నడవటానికి వదిలారు. 1995 నాటి కొత్తదాని మీద బండ్లు పోతాయి. నదికి సుమారు 470 అడుగుల ఎత్తున నిలబడి చూస్తుంటే, వంతెన కింద ఇనుప దూలం మీద ఒక పెద్ద నల్లని పక్షి రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటున్నది. రెక్క మీద అంకె వేసిన బిళ్ళ ఉన్నది. అది కాండర్, ఒక జాతి రాబందు. రెక్కలు చాస్తే తొమ్మిది అడుగులకు పైన. 1982లో ఈ పక్షులు ప్రపంచం మొత్తం మీద 22 మాత్రమే మిగిలాయి. మిగిలినవాటిని పట్టి, బోనులలో పిల్లలను చేయించి, 1996 నుంచి ఆ కొండలలోకి వదులుతున్నారు. వేటగాళ్ళ సీసపు గుళ్ళు తగిలి చచ్చిన జంతువులను తిని ఇవి చచ్చిపోయాయి. మన దేశంలో పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు లక్షలలో చచ్చాయి. 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించారు. నా చిన్నతనంలో ఊరి బయట రాబందులు కనిపించటం మామూలు. మా మనవడు రాబందును చూడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నానికి లీస్ ఫెర్రీ చేరాము. బండి ఆగీ ఆగకముందే మనవడు దిగి పరుగెత్తాడు. మేము వెళ్ళేసరికి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. "తాతయ్యా, చల్లగా ఉన్నాయి! రా!" అన్నాడు. నేను పంచె ఎగగట్టి దిగాను. నీళ్ళు ఆకుపచ్చగా, అడుగున గులకరాళ్ళు కనిపించేటంత తేటగా ఉన్నాయి. కొలరాడో అంటే స్పానిషు భాషలో ఎర్రనిది అని అర్థం. ఎరుపు ఏమైంది? పైన ఆనకట్ట కట్టారు. ఒండ్రు అంతా దాని వెనకనే ఆగిపోతున్నది.

ఆ రాత్రి ఒడ్డున కూర్చుని పిల్లలకు పావెల్ కథ చెప్పాను. ఆయన కూడా మేష్టరే. యుద్ధంలో 1862లో కుడిచెయ్యి పోయింది. 1869లో నాలుగు పడవలతో, తనతో కలిపి పదిమందితో, పటంలో లేని ఈ నదిలో దిగాడు. ఒక పడవ బండలకు కొట్టుకుని బద్దలయింది. ఒక మనిషి ముందే వెళ్ళిపోయాడు. తిండి తడిసి కుళ్ళిపోయింది. మూడు నెలల తరవాత ఒక భయంకరమైన సుడి ఎదురైతే, ముగ్గురు ఇక రాలేమని గోడ ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. మిగిలిన ఆరుగురూ ఆ సుడి దాటి, రెండు రోజులలోనే గండి బయటపడ్డారు.

"అయితే ఆ ముగ్గురిదీ తప్పా?" అని మనవడు అడిగాడు. తప్పు అనను, వాళ్ళకు తెలిసినంతలో వాళ్ళు లెక్క వేసుకున్నారు అన్నాను. వాడు చాలాసేపు నది చప్పుడు వింటూ కూర్చున్నాడు.

మరునాడు పేజ్ అనే ఊరి పక్కన ఆంటిలోప్ కాన్యన్. ఇది మహా గండి కాదు, నేలలో పడిన బీటలాంటిది. నవహో దారి చూపేవారు వెంట లేనిదే పోనివ్వరు. ఇనుప నిచ్చెనలు దిగి లోపలికి పోతే, కొన్నిచోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడలు కుమ్మరి చేతిలో తిరిగిన మట్టిలాగా నున్నగా ఉన్నాయి. పై నుంచి పడే వెలుతురుకు నారింజ రంగు, ఊదా రంగు వస్తున్నది. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

1997 ఆగస్టు 12న అక్కడ వాన లేదనే చెప్పాలి. వాన పడినది మైళ్ళ అవతల. ఆ నీళ్ళు రాతి నేల మీద ఇంకకుండా పరుగెత్తి వచ్చి, ఈ బీటలోకి ఒక్కసారిగా దూకాయి. లోపల ఉన్న యాత్రికులు పదకొండుమంది చచ్చిపోయారు. దారి చూపే మనిషి ఒక్కడే బతికాడు. ఎడారిలో వాన రాదని అనుకుంటాము. వచ్చినప్పుడు దాన్ని ఆపటానికి గడ్డీ లేదు, మన్నూ లేదు. ఆ తరవాతనే గట్టి ఇనుప నిచ్చెనలూ, హెచ్చరిక ఏర్పాట్లూ వచ్చాయి. ఆ కథ విన్నాక చిన్నది నున్నని గోడ మీద చెయ్యి పెట్టి, "ఇది కూడా నీళ్ళ పనేనా?" అని అడిగింది. గండికోటలో అడిగినట్టు కాదు, నమ్మి అడిగింది.

ఆ మధ్యాహ్నం గ్లెన్ కాన్యన్ ఆనకట్ట చూచాము. 1963లో గేట్లు మూశారు. ఎత్తు 710 అడుగులు. వెనక ఉన్న జలాశయానికి పావెల్ పేరే పెట్టారు. అది పూర్తిగా నిండటానికి 17 సంవత్సరాలు పట్టింది. మేము చూచేనాటికి అందులో సుమారు పావు వంతు నీళ్ళే ఉన్నాయి. ఎర్రని రాతి గోడల మీద, ఒకప్పుడు నీళ్ళు ఉన్నంత ఎత్తు వరకు, తెల్లని పట్టీ ఉన్నది. పాలు కాగి దిగిపోయిన గిన్నెలో మిగిలే చారలాగా, సుమారు 170 అడుగుల ఎత్తున!

"దీని పద్దు ఎవరు రాస్తారు?" అని నీళ్ళ మంత్రిణి అడిగింది.

మంచి ప్రశ్న. ఏడు రాష్ట్రాలకు పంచుతూ 1922లో ఒడంబడిక రాసుకున్నారు. పై రాష్ట్రాలకు 75 లక్షలు, కింది రాష్ట్రాలకు 75 లక్షల ఎకరా-అడుగులు. ఎకరం పొలంలో అడుగు లోతున నిలబడే నీళ్ళను ఎకరా-అడుగు అంటారు. 1944లో మెక్సికో దేశానికి 15 లక్షలు ఇస్తామని ఒప్పుకున్నారు. మొత్తం 165 లక్షలు. కాని ఒడంబడిక నాటి ఏళ్ళు మంచి వానల ఏళ్ళు. అంతకు ముందు వందల ఏళ్ళలో వానలు ఎట్లా ఉండేవో పాత చెట్ల వలయాలు చూచి తరవాత కనుక్కున్నారు. ఈ శతాబ్దంలో నదికి వచ్చిన నీళ్ళు ఏడాదికి సగటున 130 లక్షలకు లోపే. ఆ నీళ్ళ మీద దాదాపు 4 కోట్లమంది ఆధారపడి ఉన్నారు. ఇప్పుడు మామూలు ఏళ్ళలో ఆ నది సముద్రాన్ని చేరదు, దారిలోనే అయిపోతుంది. ఎగువ, దిగువ తగాదాలు మనకు కొత్త కావు. 1976లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణ నీళ్ళు పంచినా, తగాదా తీరలేదు.

చిన్నది పుస్తకంలో కూడికా, తీసివేతా చేసింది. "ఉన్నవాటి కన్న 35 లక్షలు ఎక్కువ పంచారు! మేము ఇట్లా లెక్క చేస్తే నువ్వు కొట్టేసేవాడివి గదా, తాతయ్యా? వీళ్ళ లెక్క ఎవరు కొట్టేస్తారు?"

వాళ్ళ నాన్న నా వంక చూచాడు. ఏడు రాష్ట్రాల పెద్దలు కూర్చుని ఆ లెక్కే మళ్ళీ చేస్తున్నారని చెప్పాను.

ఆ రాత్రి ఊరికి దూరంగా ఆరుబయట బండి ఆపుకున్నాము. కొళాయి లేదు, కరెంటు లేదు. ఆకాశం నిండా చుక్కలు. తలుపు పక్క దీపం చూస్తే మా తొట్టిలోనూ పావు వంతే ఉన్నది. మా ఆవిడ కంచాలను ముందు కాగితంతో తుడిచి, తరవాత గ్లాసుడు నీళ్ళతో కడిగింది. అందరూ పడుకున్నాక చిన్నది పుస్తకం తెరిచి ఆనాటి మిగులు రాసుకుంది. బల్ల మీద అన్న సగం తాగి వదిలిన గ్లాసు ఉన్నది. అందులో నీళ్ళను ఒక్క చుక్క ఒలకకుండా వాడి సీసాలో పోసి, మూత బిగించి, దీపం ఆర్పింది.